వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు



ఏండ్ల తరబడి పిల్లలకు శబ్దార్థములను బోధించిన నేను, ఒక్క శబ్దమునకు అర్థము దెలియక మనుమని కారును చెడగొట్టితిని. ఆ వృత్తాంతమును, దానివలన నేర్చిన సంగతిని నేడు మీకు విన్నవించుచున్నాను.

మా మనుమడు హైదరాబాదు తూర్పుదెసనున్న నాచారములో కాపురముండును. తన పెట్రోలు కారునకు ఉప్పలులోని యొక షెడ్డులో టర్బో అమర్పించుకొనెను. ఇంజనులోనికి గాలిని బలవంతముగా నెక్కించి శక్తిని పెంచు సాధనమే టర్బో. పిమ్మట నొకనాడు రెండు స్పార్కు ప్లగ్గులు చేతబట్టుకొని వచ్చి, "తాతయ్యా, ఇది హాట్ ప్లగ్గట, అది కోల్డ్ ప్లగ్గట. ఏది వేయించమంటారు?" అని యడిగెను. "వేడిలోనే గదరా బలము! వేడిదే వేయించు" అంటిని. వాడట్లే చేసెను.

పది దినములకు సకుటుంబముగా యాదగిరిగుట్టకు బయలుదేరితిమి. ఘటకేసరము దాటి బీబీనగరము సమీపించుసరికి ఇంజనులో టకటక ధ్వని పుట్టినది, తరువాత పొగ, తరువాత బండి నిలిచిపోయినది. దైవానుగ్రహమున నెవ్వరికిని హాని కలుగలేదు. బండిని ఉప్పలునకు లాగించి విప్పించి చూడగా, ఒక పిస్టను తలకు చిల్లి పడియున్నది. దానిపైనున్న ప్లగ్గు మొన తెల్లబడి కరగియున్నది. అచ్చటి వృద్ధుడగు మెకానిక్కు నన్ను ప్రక్కన గూర్చుండబెట్టుకొని కారణమును బోధించెను.

హాట్, కోల్డ్ అను పేర్లకును ప్లగ్గులో పుట్టు నిప్పురవ్వకును సంబంధమే లేదు. హాట్ ప్లగ్గు రవ్వ బలమైనదియు గాదు, కోల్డ్ ప్లగ్గు రవ్వ నీరసమైనదియు గాదు. తన మొనకు సోకిన వేడిని ప్లగ్గు ఎంత త్వరగా బయటికి పంపునో తెలుపు పేర్లివి. దీనినే హీట్ రేంజి యందురు.

ప్లగ్గు మొనయందు తెల్లని పింగాణి ముక్కు గలదు. అది పొడవైనదైనచో, వేడి చాల దూరము నడచి గాని ప్లగ్గు ఇనుప తొడుగును, దాని మూలమున ఇంజనును చేరజాలదు. కావున మొన వేడిగా నిలుచును. అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిదైనచో వేడి శీఘ్రముగా దిగిపోవును. అది కోల్డ్ ప్లగ్గు.

వరిమడిలో నీరు లేకున్న పైరు ఎండును, మితిమీరిన కుళ్లును. ప్లగ్గు మొనయందలి వేడియు నట్టిదే. సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువనున్నచో మసి కాలిపోక పేరుకొని రవ్వ తప్పును. సుమారు 850 డిగ్రీలు మించినచో మొనయే నిప్పుకణికయై, రవ్వ పుట్టకమునుపే పెట్రోలు ఆవిరిని అంటించును. పైకి వచ్చుచున్న పిస్టనుపై ఆ మంట విరుచుకొనిపడును. మా బండికి జరిగినది ఇదియే.

వాన హెచ్చినపుడు మడికి గండి పెద్దది చేయుదుము గదా! అట్లే టర్బో పెట్టినను, కంప్రెషను పెంచినను ఇంజనులో వేడి హెచ్చును గనుక, ప్లగ్గును ఒక మెట్టు చల్లని దిక్కునకు మార్చవలయును. 75 మొదలు 100 అశ్వశక్తి పెరిగినచో ఒక మెట్టు మార్చుట వాడుక. గాలి వడపోతను, పొగగొట్టమును మాత్రమే మార్చిన బండికి సాధారణముగా కంపెనీవారు చెప్పిన ప్లగ్గే చాలును. అవసరమునకు మించి చల్లని ప్లగ్గు పెట్టినచో, ఉప్పలు చౌరస్తా రద్దీలో మెల్లగా సాగునపుడు మసిబారును.

అంకెల విషయమున మోసపోరాదు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగినకొలది చల్లనిది. బాష్, చాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగినకొలది వేడిది. మరల పొడవు, మరచుట్లు పూర్వపు ప్లగ్గుతో సరిపోవలయును. పొడవు హెచ్చినచో పిస్టనునకు తగులవచ్చును.

కొంతదూరము నడిపి, ఇంజను చల్లారిన పిమ్మట ప్లగ్గును విప్పి చూడుడు. మొన లేత గోధుమవన్నెగానో బూడిదవన్నెగానో యున్న సరియైనది. పొడి మసి పట్టిన, ప్లగ్గు మిక్కిలి చల్లనిదో, పెట్రోలు ఎక్కువగా పడుచున్నదో కావచ్చును. తెల్లబడి పొక్కులు లేచిన, మిక్కిలి వేడిదో, పెట్రోలు చాలుట లేదో కావచ్చును. కావున ప్లగ్గును మార్చుటకు ముందు ఇంజను దోషమును విచారింపవలయును.

మీ ట్రాక్టరు డీజిలుది గనుక దానికి స్పార్కు ప్లగ్గే యుండదు. పట్టణమున కార్లు నడుపు మీ పిల్లలకై ఇంత చెప్పితిని. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును గూడ వారికి తెలుపుడు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుట నిషిద్ధము.

మా మనుమడు టర్బోను తీసివేయించి, కంపెనీవారు చెప్పిన ప్లగ్గులనే వేయించుకొనెను. పిస్టను ఖర్చు నా పింఛనులోనుండి నేనిచ్చితిని. పదమును విని పదార్థమును నిర్ణయింపరాదని ఎందరికో పాఠము చెప్పినవాడను. ఆ పాఠమును మరచినందులకు అది నాకు తగిన జరిమానాయే.