తడిస్తే కురచయ్యే జీన్స్: ఎందుకు? ఏ కొలత కొనాలి?

నేసిన తరువాత ఒక్కసారైనా ఉతకని డెనిమ్ గుడ్డను ముడి డెనిమ్ అంటారు. గుడ్డలో నిలువుగా సాగే నూలు పడుగు, అడ్డంగా పోయేది పేక. డెనిమ్‌లో నీలిరంగు అద్దిన పడుగుకు గంజి పట్టించి, మగ్గం మీద బిగలాగి నేస్తారు కనుక, ఆ బిగువు గుడ్డలోనే దాగి ఉండి, నీరు తగలగానే సడలిపోతుంది. పైగా తడిసిన పత్తి పోగులు ఉబ్బడం వల్ల, లావెక్కిన పేకను చుట్టి వెళ్లడానికి పడుగుకు ఎక్కువ నూలు కావలసి వస్తుంది. ఆ నూలు గుడ్డ పొడవులోంచే రావాలి కాబట్టి ప్యాంటు నడుము కన్నా కాళ్ల పొడవులోనే ఎక్కువగా తగ్గుతుంది.

అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ రూపొందించిన శాన్‌ఫరైజింగ్ పద్ధతిలో, గుడ్డను తేమతో, వేడితో, యంత్రపు ఒత్తిడితో ముందే కుదిస్తారు. అటువంటి గుడ్డ ఆ తరువాత సుమారు 1 నుంచి 3 శాతమే తగ్గుతుంది. ఆ పని జరగని గుడ్డ, లీవైస్ 501 ష్రింక్-టు-ఫిట్ రకంలో వాడేటటువంటిది, 10 శాతం దాకా తగ్గవచ్చు. 34 అంగుళాల కాలి పొడవులో అది 3.4 అంగుళాలు, అంటే చీలమండ బయటపడేంత!

అందుకే ఈ రకంలో పొడవు దాదాపు మూడు అంగుళాలు, నడుము ఒక అంగుళం ఎక్కువగా ఎంచుకోవడం వాడుక. నడుమును మరీ వదులుగా తీసుకోవడం మాత్రం పొరపాటే, ఎందుకంటే తొడుగుతున్న కొద్దీ నడుము పట్టీ కొంత సాగుతుంది, కాలి పొడవు అలా సాగదు. వేడినీళ్లలో తడిపి, పూర్తిగా ఆరాకే అంచు కత్తిరించి కుట్టించాలి.