నలభై కోట్లలో ఒక వంతు

నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చే స్టేషన్ ఎన్‌జీఆర్‌ఐ. 1961లో ఏర్పడిన ఆ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తున్నారు. హైదరాబాద్‌లో దాని బలం సుమారు 43,000 నానోటెస్లాలు. నగరం పెరిగి, దానికి తోడు మెట్రో కూడా వచ్చేసరికి కొలతల్లోకి రొద చొరబడింది. చౌటుప్పల్ దగ్గర మరో వేధశాల పెట్టుకోవాల్సి వచ్చింది.

మెదడుకీ అయస్కాంత క్షేత్రం ఉంది. పదుల వేల నాడీకణాలు ఒక్కసారిగా స్పందిస్తే తల బయట కనిపించేది 100 ఫెమ్టోటెస్లాల పాటిది. భూమి క్షేత్రం దానికి 40 కోట్ల రెట్లకు పైనే. భూమిని కొలవడానికే ఊరు దాటాల్సి వస్తే, మెదడును కొలిచేవాళ్ల పాట్లు ఊహించుకోవచ్చు.

ఆసుపత్రుల్లో ఆ పాట్లు ఎక్కువగా మూర్ఛ కోసమే. మనవాళ్ల మాటలో ఫిట్స్. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది, అందులో కోటి మందికి పైగా మన దేశంలోనే ఉన్నారని అంచనా. వీళ్లలో చాలామందికి మాత్రలే చాలు. గ్లాస్గో వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా చికిత్స మొదలుపెట్టిన ప్రతి 100 మందిలో 47 మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో మరో 13 మందికి. మూడో మందుతో? ఒక్కరికి. రెండు మందులు కలిపి వాడితే ఇంకో ముగ్గురికి. అందుకే అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2010లో గీత గీసింది: సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. ఈ లెక్క తెలియక ఐదో మందు, ఆరో మందు మారుస్తూ, ఫిట్స్ వచ్చినప్పుడల్లా చేతిలో తాళాలగుత్తి పెడుతూ ఏళ్లు గడిపేసే కుటుంబాలు మన చుట్టూ తక్కువేం కాదు.

లొంగనివాళ్లలో కొందరికి ఆపరేషన్ దారి ఉంది. కొత్తదేం కాదు, వెల్లూరు సీఎంసీలో డాక్టర్ జాకబ్ చాందీ 1952లోనే చేశారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆపరేషన్ అయిన 57 మందిలో ఏడాది తర్వాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందుల మీదే ఉన్న 59 మందిలో 7 శాతానికే ఆ అదృష్టం. అయితే ఆపరేషన్ అయినవాళ్లలో మూడోవంతు మందికి తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి. ఎక్కువ మందికి వచ్చింది ఒకవైపు కాలూ చేయీ బలహీనపడటం. తీసేసిన భాగాన్ని బట్టి వైద్యులు ముందే ఊహించినదే అది.

కాబట్టి అసలు ప్రశ్న, తీయాల్సిన చోటు ఏది అన్నది. పుర్రె తెరిచి లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి చూడొచ్చు. తెరవకుండా తెలుసుకోగలిగితే ఇంకా మేలు. దీని మీదే ఎంతోమంది పీహెచ్‌డీలు చేస్తున్నారు.

పాత సాధనం ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ సంకేతాల నమోదు. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి తల మీంచి నమోదు చేశాడు. మామూలుగా తలకి పేస్టు రాసి పెట్టే వైర్లు 20 చిల్లర. పట్టేది 10 నుంచి 100 మైక్రోవోల్టులు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. చిక్కేమిటంటే, పుర్రె ఎముక విద్యుత్తును సరిగ్గా పోనివ్వదు. తడిగుడ్డ మీద పడ్డ సిరాచుక్కలా సంకేతం చెదిరిపోతుంది. మెదడు పైపొర కనీసం 10 చదరపు సెంటీమీటర్ల మేర ఒక్కసారి చెలరేగితే తప్ప పైకి స్పష్టంగా కనబడదు.

అయస్కాంత క్షేత్రానికి ఎముక అంతగా అడ్డం రాదు. దాన్ని పట్టేది ఎంఈజీ. బెంగళూరు నిమ్హాన్స్‌లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ యంత్రాలున్నాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో 306 సెన్సర్లు, ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంటాయి. గది మొత్తాన్ని ప్రత్యేక లోహంతో కప్పేస్తారు. ఇంత చేసినా, తల ఉపరితలానికి నిలువుగా పారే ప్రవాహాలు దానికి దాదాపు కనబడవు. అందుకే ఎంఈజీ వచ్చిందని ఈఈజీ మూలన పడలేదు.

సెన్సర్లు ఎన్నున్నా ఒక మొండి సమస్య మిగులుతుంది. బోనాల రాత్రి తలుపులు మూసుకుని పడుకుంటే వినబడే మోత దూరపు పెద్ద డప్పుదా, పక్కసందులోని చిన్న డప్పుదా? మోత ఒక్కటే, కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. తల బయటి కొలతలూ అంతే. బయటి కొలతలను బట్టి లోపలి ప్రవాహాలు ఇవేనని తేల్చలేమని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చెప్పాడు. పరిశోధక విద్యార్థి పని ఇక్కడే. ఆ రోగి ఎంఆర్‌ఐ నుంచి తల నమూనా కట్టి, ఏ ఊహలు సబబో ఎంచుకుని, గణితంతో ఒక చోటును చూపించాలి.

ఫలితం ఉందా? 2011లో జెనీవా బృందం 152 మంది లెక్కలు ప్రచురించింది. 128 నుంచి 256 ఎలక్ట్రోడ్లు, రోగి సొంత ఎంఆర్‌ఐ వాడితే అసలు చోటును పట్టే సామర్థ్యం 84 శాతం. తక్కువ ఎలక్ట్రోడ్లతో, అందరికీ ఒకే తల నమూనాతో చేస్తే 57. నాకు ఇందులో ఎలక్ట్రోడ్ల సంఖ్య కంటే ‘సొంత’ అన్న మాటే ముఖ్యంగా తోస్తుంది.

ఈ పరీక్షలో పేపరు దిద్దేది సర్జనే. విద్యార్థి చూపిన చోటు తీసేసిన భాగంలోనే ఉండాలి, ఆ మనిషికి ఏడాదైనా ఫిట్స్ రాకుండా ఉండాలి. అప్పుడే ఒక్క మార్కు పడుతుంది. ఇలా దిద్దగలిగిన పేపర్లు 152 పోగయ్యాయంటే, ఈ రంగంలో అది చాలా పెద్ద సంఖ్య.