మువ్వురు ప్రభువులు – ఒక్క మువ్వగోపాలుడు

17వ శతాబ్దమున ఫ్రాన్సు ప్రభువైన పదునాలుగవ లూయీ కొలువులో లల్లీ యను సంగీతకర్త యుండెను. ఇటలీనుండి వచ్చిన యాతడు రాజానుగ్రహమును సంపాదించి, 1672లో సంగీతరూపకములను ప్రదర్శించు హక్కు తనకే దక్కునట్లు చేసికొనెను. ఒక్క రాజును నమ్ముకొనుట యాతని మార్గము. ఆ శతాబ్దముననే తెలుగు పదకర్త యొకడు, ఒకరినొకరు నమ్మని మువ్వురు ప్రభువుల కొలువులలో పాడెను. ఆతడు క్షేత్రయ్య.

కృష్ణాప్రాంతమందలి మొవ్వ యాతని జన్మస్థలమని ప్రతీతి. అసలు పేరు వరదయ్య యందురు. తన పదముల లెక్కను ఒక పదమున తానే చెప్పుకొనెను. మధుర తిరుమలనాయకుని యెదుట 2000, తంజావూరు విజయరాఘవనాయకుని యెదుట 1000, గార్ల సీమతో కూడిన తెలంగాణమును ఏలిన గోల్కొండ పాదుషా కొలువున 1500! లెక్కలో కొంత అతిశయోక్తి యుండిన నుండుగాక. ఆ మూడు కొలువులు ఒక్క పదమున ఇముడుటయే వింత.

ఏలయన, తిరుమలనాయకుడు విజయనగర ప్రభువగు మూడవ శ్రీరంగరాయల పెత్తనమును త్రోసివేయనెంచి, తంజావూరు, జింజి నాయకులతో రహస్యముగా కూటమి కట్టెను. విజయరాఘవుడు మొదట అంగీకరించి, పిమ్మట ఆ కుట్రను రాయల చెవిని వేసెను. మధుర నాయకుడు అంతట గోల్కొండ సేనను రాయలపైకి పురికొల్పెను. ఆ సేన రాయల రాజ్యముతో తృప్తిపడక, పిలిచినవాని పొరుగువరకు వచ్చినది. అట్టి దినములలో ఒక కొలువునుండి వేరొక కొలువునకు పోవు గాయకుని వేగులవాడని శంకించినను ఆశ్చర్యము లేదు.

క్షేత్రయ్యను కాపాడినది ఆతని ముద్రయే కాబోలు. విజయరాఘవునిపై కొన్ని పదములు చెప్పినమాట నిజమే. తక్కినవానిలో మాత్రము పెక్కింట నాయకుడు మువ్వగోపాలుడే. నాయిక యలిగినను, వాకిట నిలిచి యెదురుచూచినను ఆ స్వామికొరకే. సింహాసనముపై ఎవరు కూర్చున్నను పదములో అక్షరము మార్చవలసిన పనిలేదు.

రాజులకు ఆ భాగ్యము లేకపోయెను. 1673లో మధుర చొక్కనాథనాయకుని దండయాత్రలో విజయరాఘవుడు రణరంగమున కూలెను. కొలది యేండ్లకే తంజావూరు మరాఠా ఏకోజీ వశమైనది. 1687లో గోల్కొండ ఔరంగజేబు పాలయ్యెను. పదములు మాత్రము దేవదాసీల కంఠములలో తలదాచుకొనెను. రెండు శతాబ్దములు గడచిన పిమ్మట చెన్నపట్నమున వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట శుక్రవారపు సాయంకాలములలో సంగీత విద్వాంసులే చెవియొగ్గి కూర్చుండి వానిని వినెడివారు. నేడు దొరకుచున్నవి కొన్ని వందలే.