కెమెరాను తిరగేస్తే ప్రొజెక్టర్

అడవి మంటల వీడియోను టీవీలో వేసి, దాని ముందు థర్మల్ కెమెరాను పెట్టి పరీక్షించవచ్చు కదా అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత చక్కటి ప్రశ్న! టీవీలో మంట ఎంత ఎగసినా ఆ కెమెరాకు కనిపించేది గోరువెచ్చటి పలక మాత్రమే. దానికి కావలసింది 8 నుంచి 14 మైక్రాన్ల పరారుణం. టీవీలోని మంట నుంచి అది రాదు, వచ్చినా మామూలు గాజును దాటదు. కాబట్టి మంటను చూపించే తెర తానే వేడెక్కాలి, అదీ చుక్కచుక్కకీ వేర్వేరుగా, క్షణక్షణమూ మారుతూ.

అలాంటి తెరలున్నాయి. సిలికాన్ చిప్ మీద 512 వరసలు, వరసకు 512 బుల్లి వంతెనలు, చుట్టూ శూన్యం. ఒక్కో వంతెన చిప్‌కు తగలకుండా సన్నటి కాళ్ల మీద నిలబడుతుంది. కరెంటు పారితే వేడెక్కి పరారుణాన్ని వెదజల్లుతుంది. కిటుకంతా ఆ కాళ్లలోనే ఉంది. సన్నగా చేస్తే వేడి కిందికి జారిపోదు, కొద్దిపాటి కరెంటుకే వంతెన వందల డిగ్రీలకు చేరుతుంది. కానీ త్వరగా చల్లారదు. దూసుకుపోయే విమానం వెనక లేని వేడి తోకలా సాగుతుంది. లావుగా చేస్తే కొన్ని మిల్లీసెకన్లలో చల్లారుతుంది కానీ, రెండున్నర లక్షలకు పైగా వంతెనలకు అంత కరెంటు పోసేసరికి చిప్పే కాగిపోతుంది.

నన్ను కట్టిపడేసే సంగతి వేరే ఉంది. చాలా థర్మల్ కెమెరాల లోపలా ఇదే వంతెన! అక్కడ పరారుణం పడి వంతెన వేడెక్కుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే చిత్రమవుతుంది. చూసేదీ చూపించేదీ ఒకే నిర్మాణం, వేడి నడిచే దిశ ఒక్కటే తేడా. అమెరికాలో హనీవెల్ సంస్థ ఈ రెండింటినీ తయారుచేసింది.

వేడితో బొమ్మ కట్టించడం కొత్తేమీ కాదు. 1800లో ఎరుపుకు అవతల థర్మామీటరు పెట్టి ఈ పరారుణ కిరణాలను పట్టుకున్న ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్, చివరికి వేడి కిరణాలు వేరు, వెలుగు వేరు అని తేల్చి పొరబడ్డాడు. కొడుకు జాన్ 1840లో మసి పూసిన కాగితాన్ని ఆల్కహాల్‌తో తడిపి ఎండలోని వేడికి బొమ్మ కట్టించాడు. వేడి సోకినచోట తడి ముందుగా ఆరింది, అంతే!

మళ్లీ తెరల సంగతికొస్తే, వంతెనలకు బదులు సినిమా ప్రొజెక్టర్లలోని బుల్లి అద్దాలనే తెచ్చి వాడుకుందామనుకున్నవారికీ చిక్కులు తప్పలేదు. ఆ అద్దానికి రెండే స్థితులు, వెలుగు లేదా చీకటి. మధ్య ఛాయలన్నీ ఎంతసేపు వెలిగిందన్న లెక్కే. మన కన్ను ఆ లెక్కను కలిపేసుకుంటుంది. క్షణకాలమే తెరుచుకునే సెన్సర్ మాత్రం మధ్యలో ఒక ముక్కను పట్టుకుని చిత్రాన్ని మినుకుమినుకుమనిపిస్తుంది. పైగా ఆ అద్దాల పరిమాణం పరారుణ తరంగాలతో ఇంచుమించు సమానం, అందువల్ల కిరణాలు చెదిరిపోతాయి. వంతెనలకు ఈ బెడద లేదు, అవి ఆగకుండా వెలుగుతూనే ఉంటాయి.

ఇక ఉపయోగాలంటారా, ఇంత నైపుణ్యమూ ఎక్కువగా క్షిపణుల కళ్లను పరీక్షించడానికే ఖర్చవుతోంది. కానీ ప్రాణాలు కాపాడే కెమెరాలకూ ఇది అందాలి. పొగలో మనిషిని వెతికే అగ్నిమాపక సిబ్బంది కెమెరాకు వేడి పలక ఒక్కటి చూపి సరిపెట్టకూడదు, కదిలే మంటను చూపించే పరీక్షే పెట్టాలి.