క్షేత్రపర్యటనలో డిజిటల్ ధ్వనిముద్రణ: కరీంనగర్, ఆదిలాబాద్ మౌఖిక కళల నేపథ్యంలో ఒక సాంకేతిక వివరణ

వ్యాససంగ్రహం:

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని ఒగ్గుకథ, దండారి, పర్ధానుల గాథాగానం, గోండి, కొలామి భాషల వాగ్రూపం జానపద విజ్ఞానానికీ భాషాశాస్త్రానికీ ముఖ్యమైన ఆకరాలు. వీటిని సేకరించే యంత్రం పనితీరు తెలియకపోతే సేకరణ దశలోనే ఆకరం వికృతమయ్యే ప్రమాదం ఉంది. చలనచిత్ర ధ్వనిగ్రాహకులు ఆరుబయట వాడే వృత్తిస్థాయి డిజిటల్ రికార్డర్ల నిర్మాణాన్ని, వాటిలో పరిశోధకుడు తీసుకోవలసిన నిర్ణయాలను ఈ రెండు జిల్లాల ప్రదర్శనల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, డిజిటల్ రికార్డర్, ఒగ్గుకథ, దండారి, గోండి, కొలామి, క్షేత్రపరిశోధన.

1. ప్రవేశిక:

క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో నివసించి రాజ్‌గోండుల పురాగాథలను, క్రతువులను అధ్యయనం చేశారు. ఆ కృషి 1948లో గ్రంథంగా వెలువడింది. ఎం. బి. ఎమెనో కొలామి భాషావర్ణన 1955లో వచ్చింది. ఈ గ్రంథాల వలన గాథల ఇతివృత్తం, భాషా వ్యాకరణం మనకు దక్కాయి. అయితే పర్ధాను వాయించే కిక్రి నాదం, గాయకుడు ఊపిరి తీసుకునే తావులు, శ్రోతల ఊకొట్టు అక్షరాలలో ఒదగవు. వాటిని నిలపగలిగేది ధ్వనిముద్రణ మాత్రమే.

ఈ అవసరం నేడు మరింత పెరిగింది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన మార్లవాయి కళాకారుడు కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. సిరిసిల్ల ప్రాంత జీవితాన్ని చిత్రించిన ‘బలగం’ (2023) చలనచిత్రంలో కొమురమ్మతో కలిసి కథాగానం చేసిన మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. ఇటువంటి కళాకారుల ప్రదర్శనలను చేతిఫోనుతో ముద్రించినవారు ఎందరో ఉంటారు. ఆ ముద్రణలు జ్ఞాపకాలుగా విలువైనవే. కాని జ్ఞాపకంగా పనికివచ్చే ముద్రణ అంతా పరిశోధనకు ఆధారంగా నిలవదు. ఈ రెంటి మధ్య తేడా ఎక్కడ ఏర్పడుతుందో తెలుసుకోవడం పరిశోధకునికి అవసరం.

2. యంత్ర పరిణామం:

స్టీఫన్ కుడెల్‌స్కీ స్విట్జర్లాండులో రూపొందించిన ‘నాగ్రా’ టేపురికార్డరు ఆరుబయటి ధ్వనిముద్రణకు మేలుమలుపు. పోలిష్ భాషలో ఆ మాటకు ‘ముద్రిస్తుంది’ అని అర్థం. 1958లో వచ్చిన నాగ్రా-3 చలనచిత్రాలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 1987లో డిజిటల్ ఆడియో టేపు వచ్చింది. తరువాత హార్డ్‌డిస్కు, మెమరీకార్డు టేపు స్థానాన్ని ఆక్రమించాయి. 2019లో సౌండ్ డివైసెస్ సంస్థ మిక్స్‌ప్రీ-2 శ్రేణి, జూమ్ సంస్థ ఎఫ్-6 రికార్డరు ‘32 బిట్ ఫ్లోట్’ విధానాన్ని స్వతంత్ర పరిశోధకునికి కూడా అందుబాటులోకి తెచ్చాయి.

3. ధ్వని అంకెలుగా మారే క్రమం:

ఏ డిజిటల్ రికార్డరులోనైనా మూడు దశలు ఉంటాయి. మైక్రోఫోను నుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ప్రీయాంప్లిఫయర్ పెంచుతుంది. ఆ సంకేతాన్ని కన్వర్టరు అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు కార్డులో ఫైలుగా నిలుస్తాయి. వృత్తిస్థాయి యంత్రానికి ప్రధాన గుర్తింపు మొదటి దశలో ఉంది. దాని ప్రీయాంప్లిఫయర్ తన సొంత రొదను చాలా తక్కువగా కలుపుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగల ద్వారా బయటి మైకులను కలుపుకోవచ్చు, వాటికి అవసరమైన 48 వోల్టుల విద్యుత్తును కూడా యంత్రమే అందిస్తుంది.

రెండవ దశలో రెండు కొలతలు ముఖ్యం. సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలుస్తున్నామో చెప్పేది నమూనా రేటు. అందులో సగం వరకు గల పౌనఃపున్యాలే ఫైలులో నిలుస్తాయి. 48 కిలోహెర్ట్జ్ రేటు వద్ద మానవశ్రవణ పరిధి అంతా ఇముడుతుంది. ప్రతి కొలతను ఎంత సూక్ష్మంగా రాస్తున్నామో చెప్పేది బిట్ల సంఖ్య. సిద్ధాంతరీత్యా 16 బిట్లకు సుమారు 96 డెసిబెల్, 24 బిట్లకు సుమారు 144 డెసిబెల్ వ్యాప్తి లభిస్తుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘమైన ‘ఐయాసా’ పాత టేపుల డిజిటలీకరణకు సూచించిన కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. క్షేత్రసేకరణకూ ఈ ప్రమాణాన్నే పాటించడం ఉచితం.

మూడవ దశలో ఎంపీ3 రూపాన్ని ఎంచుకుంటే చెవి గమనించదని భావించిన భాగాలు తొలగిపోతాయి. వినడానికి ఇది చాలు. కాని ‘ప్రాట్’ వంటి విశ్లేషణ సాధనం చెవిలాగా వినదు, ఫైలులోని అంకెలను కొలుస్తుంది. అధిక బిట్‌రేటు వద్ద స్వరస్థాయి కొలత పెద్దగా చెడకపోవచ్చు. ఊష్మధ్వనుల వర్ణపటం, కిక్రి తంత్రుల ఉపరిస్వరాలు మాత్రం నమ్మదగినవిగా మిగలవు. తొలగిన భాగం తరువాత వేవ్ రూపంలోకి మార్చినా తిరిగి రాదు.

4. స్వయంచాలక స్థాయీ నియంత్రణ - ఒగ్గుకథ:

పరిశోధకునికి తెలియకుండానే ఎక్కువ నష్టం కలిగించేది స్వయంచాలక స్థాయీ నియంత్రణ. చిన్న ధ్వనిని పెంచి, పెద్ద ధ్వనిని తగ్గించి అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు ఇది. ఫోన్లలో, చిన్న రికార్డర్లలో సాధారణంగా ముందే పనిచేస్తూ ఉంటుంది.

ఒగ్గుకథలో దీని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పే ప్రధాన కథకుడు వచనంలో గొంతు తగ్గించి సభను దగ్గరకు లాక్కుంటాడు. ఆ వెంటనే డోలు, తాళాలు, నఫీరా ఒక్కసారిగా లేస్తాయి. ఆ నిశ్శబ్దానికీ ఈ ఉధృతికీ మధ్య గల దూరమే ప్రదర్శన ప్రాణం. కథకుడు ఆగిన చోట యంత్రం స్థాయిని పెంచుతుంది. అప్పుడు కీచురాళ్ల రొద, జనం గుసగుసలు ముందుకు వస్తాయి. డోలు మీద తొలి దెబ్బ పడగానే స్థాయి పడిపోతుంది. దాని వెంట వచ్చిన మాట ఒక క్షణం మునిగిపోతుంది. ఫలితంగా గుసగుస, గర్జన ఒకే ఎత్తున వినిపిస్తాయి.

ఇలాంటి ముద్రణ ఆధారంగా ‘కథకుడు ఉద్వేగ ఘట్టంలో స్వరాన్ని పెంచలేదు’ అని ఒక పరిశోధకుడు తేల్చితే ఆ దోషం కళాకారునిది కాదు, యంత్రం అమరికది. యంత్రం ఏ క్షణాన ఎంత పెంచిందో ఫైలులో ఎక్కడా నమోదు కాదు కనుక తరువాత సరిదిద్దడం కూడా సాధ్యం కాదు. అందువలన స్థాయిని చేతితోనే నిర్ణయించాలి. డోలు ఉధృతంగా మోగినప్పుడు కూడా మీటరు సున్నాకు 12 డెసిబెల్ దిగువన ఉండేలా చూసుకోవాలి. 24 బిట్ల ముద్రణలో ఈ ఖాళీ వలన నష్టం లేదు. అదే ధ్వనిని మరింత తక్కువ స్థాయిలో రెండవ ట్రాకుగా దాచే సదుపాయం ఉంటే వాడుకోవాలి.

5. 32 బిట్ ఫ్లోట్ - ప్రయోజనం, పరిమితి:

ఈ విధానంలో ముద్రించే యంత్రాలు సాధారణంగా ఒక్కొక్క మైకుకు రెండు కన్వర్టర్లను వాడతాయి. ఒకటి మెల్లని ధ్వనులకు, మరొకటి పెద్ద ధ్వనులకు. రెంటి ఫలితాలను కలిపి అతివిస్తృతమైన సంఖ్యా పరిధిలో దాస్తాయి. ముద్రణ సున్నా దాటినట్లు కనిపించినా కంప్యూటరులో స్థాయి తగ్గిస్తే ధ్వని చెక్కుచెదరకుండా లభిస్తుంది. ఒంటరిగా పనిచేసే పరిశోధకుడు మీటరును వదిలి కళాకారుని మీద దృష్టి నిలపడానికి ఇది తోడ్పడుతుంది.

అయితే ఇది యంత్రం లోపలి రక్షణ మాత్రమే. డోలుకు అతి చేరువలో పెట్టిన మైకు తన సామర్థ్యాన్ని మించిన ధ్వని తాకినప్పుడు అక్కడే వికృతి కలుగుతుంది. ఆ వికృత ధ్వనినే యంత్రం నమ్మకంగా ముద్రిస్తుంది. గాలి తాకిడి, దూరపు మైకు, చుట్టూ ఉన్న లౌడ్‌స్పీకర్లు ఏ బిట్ల సంఖ్యకూ లొంగేవి కావు.

6. మైకు దూరం - దండారి, నాగోబా జాతర:

ఆరుబయట మూలానికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. గాయకుని నుండి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 120 సెంటీమీటర్లకు జరిపితే 12 డెసిబెల్ పోతుంది. చుట్టుపక్కల సందడి మాత్రం తగ్గదు. కనుక దూరాన ఉన్న ఖరీదైన రికార్డరు కంటే దగ్గర మైకు గల సాధారణ రికార్డరే మేలు.

దీపావళి కాలపు దండారిలో గుస్సాడీలు తిరుగుతూ ఆడతారు. వారి గజ్జెలు, గుమేల, డోలు, పెప్రె ఒకేసారి వినిపిస్తాయి. ఒకే స్టీరియో ముద్రణలో ఇవి కలిసిపోతే తరువాత వేరుచేయడం కష్టం. నాలుగు ట్రాకుల యంత్రం ఉంటే వాద్యకారుల దగ్గర ఒక మైకు, పాట అందుకునేవారి దగ్గర ఒకటి, మొత్తం ఆవరణకు స్టీరియో జంట ఏర్పరచుకోవచ్చు. మాటల కోసం లోపౌనఃపున్యాలను తగ్గించే ఫిల్టరును వాడే అలవాటు ఉన్నవారు డోలు ముద్రణలో దానిని ఆపివేయాలి.

కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర సమయంలో చలి ఎక్కువ. చలిలో బ్యాటరీల శక్తి త్వరగా తగ్గుతుంది కనుక అదనపు బ్యాటరీలను దుస్తుల లోపల వెచ్చగా ఉంచుకోవాలి.

7. నిడివి, దృశ్యంతో పొందిక:

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో ముద్రణ గంటకు సుమారు 1.04 గిగాబైట్ల చోటు తీసుకుంటుంది. సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. అంటే దాదాపు 4 గంటల 8 నిమిషాలకు ఫైలు నిండుతుంది. నాలుగు ట్రాకులైతే ఆ వ్యవధి సగమవుతుంది. రాత్రంతా సాగే కథకు వెళ్లేముందు తన యంత్రం అంతరాయం లేకుండా తదుపరి ఫైలులోకి సాగుతుందో లేదో పరీక్షించుకోవాలి.

వీడియోను వేరే కెమెరాతో తీసినప్పుడు మరొక సమస్య వస్తుంది. రెండు యంత్రాల గడియారాల మధ్య పది లక్షలలో 20 వంతుల తేడా ఉంటే గంటకు 72 మిల్లీసెకన్లు తేడా వస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది దాదాపు రెండు ఫ్రేములు. డోలు దెబ్బకూ చేతి కదలికకూ సంబంధాన్ని పరిశీలించే అధ్యయనంలో ఇది చిన్న దోషం కాదు. చిత్రపరిశ్రమ దీనికోసం టైమ్‌కోడును వాడుతుంది. ఆ సదుపాయం లేనివారు ప్రతి భాగం మొదట, చివర కెమెరాకు కనిపించేలా చప్పట్లు కొడితే తేడాను కొలిచి సవరించవచ్చు.

8. వివరాల నమోదు, అనుమతి:

సినిమా ధ్వనిగ్రాహకుడు ప్రతి ముద్రణకు ముందు సన్నివేశ సంఖ్యను పలుకుతాడు. ఈ అలవాటు పరిశోధకునికి మరింత అవసరం. ఐరోపా ప్రసార సంఘం 1997లో రూపొందించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో తేదీ, సమయం, వివరణ దాగి ఉంటాయి. కాని ఆ వివరణభాగం రోమన్ లిపికే పరిమితం. తెలుగు పేర్లు, గోండి పదాలు అందులో సరిగా నిలవవు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడులో స్థానం లభించింది కనుక వివరాలను వేరొక యూనికోడు పత్రంలో రాసి జతపరచాలి. ఊరు, తేదీ, కళాకారుడు, కథ పేరు ముద్రణ ఆరంభంలోనే గొంతుతో చెప్పాలి. ఫైలు ఎక్కడికి చేరినా ఆ మాటలు దాని వెంటే ఉంటాయి. మాతృభాష, గానభాష విడివిడిగా నమోదు చేయాలి. మరాఠీ మాతృభాషగా గల పర్ధానులు గోండులకు గోండిలోనే గాథలు పాడడం ఇందుకు తగిన ఉదాహరణ.

పూర్వపు రెండు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయాయి కనుక మండలం పేరును కూడా చేర్చాలి. అన్నిటికంటే ముందు అనుమతి అవసరం. యంత్రానికి అందే ప్రతి ధ్వనీ సేకరించదగినది కాదు. వంశీయులు తమకే పరిమితం చేసుకున్న పూజలలో యంత్రాన్ని ఆపివేయడం పరిశోధకుని బాధ్యత. ముద్రణ ప్రతిని కళాకారునికి, అతని ఊరికి అందజేయడం కూడా ఆ బాధ్యతలో భాగమే.

9. ముగింపు:

రికార్డరు ప్రదర్శనను యథాతథంగా దాచే పెట్టె కాదు. అమరిక, మైకు దూరం, ఫైలు రూపం ద్వారా పరిశోధకుడు తీసుకునే ప్రతి నిర్ణయం ఆకరంలో భాగమవుతుంది. కనుక సిద్ధాంతవ్యాసంలో వక్తల వివరాలు, ప్రశ్నావళి ఇచ్చినట్లే రికార్డరు పేరు, నమూనా రేటు, బిట్ల సంఖ్య, మైకు దూరం, స్వయంచాలక నియంత్రణ స్థితి కూడా పేర్కొనాలి. అప్పుడే మరొక పరిశోధకుడు ఆ ముద్రణ ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో, ఏ ప్రశ్నకు చెప్పలేదో నిర్ణయించగలడు. అదే ప్రదర్శన, అదే గొంతు మళ్లీ దొరకవు. తరువాతి తరం అడగబోయే ప్రశ్నలకు కూడా చోటు మిగిలేలా ముద్రించడం నేటి క్షేత్రపరిశోధకుని కర్తవ్యం.