చైనా తీగ మీద సరిగపద

పోయిన ఏడాది మా నిడమనూరులో తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతూ ఒక వాద్యాన్ని ఫోనులో వినిపించాను. అదేమిటో ముందుగా చెప్పలేదు. పది సెకన్లు గడిచాయో లేదో, వెనక బెంచీ నుంచి "పిల్లి తోక తొక్కినట్టుంది సార్!" అని ఒక గొంతు. తరగతంతా ఒకటే నవ్వు. దాచడమెందుకు, నేనూ నవ్వాను.

అది చైనావారి 'అర్‌హు'. మొదటిసారి వింటే మన చెవికి అలాగే తోస్తుంది. కాని తీర్పు చెప్పేముందు కొలబద్ద తీసి చూద్దామా?

రెండు వేల ఏళ్ళకు పూర్వమే చైనా పండితులు స్వరాలను లెక్కకట్టే పద్ధతి ఒకటి రాసిపెట్టారు. 81 భాగాల పొడవుతో మొదలుపెట్టాలి. అందులో మూడో వంతు తీసేస్తే 54. దానికి మూడో వంతు కలిపితే 72. మళ్ళీ మూడో వంతు తీస్తే 48. మళ్ళీ కలిపితే 64. ఒకసారి తీయడం, ఒకసారి కలపడం, అంతే! వాటిని వరుసలో పెడితే 81, 72, 64, 54, 48. ఇవే వాళ్ళ అయిదు స్వరాలు.

ఇప్పుడు ఒక మీటరు పొడవున్న చెక్క తెచ్చుకోండి. ఒక చివర మేకు కొట్టి, సన్నని ఉక్కుతీగ కట్టండి. రెండో కొసను చెక్క అంచు మీదుగా దించి ఇటుక వేలాడదీయండి. చేత్తో లాగి పట్టుకుంటే బిగింపు మారుతూ ఉంటుంది; ఇటుక బరువు మారదు. తీగ తెగితే కంటికి తగలవచ్చు, మొహం దూరంగా ఉంచండి. తీగ కింద రెండు కొయ్యముక్కలు నిలబెట్టి, వాటి మధ్య దూరం 81 సెంటీమీటర్లు ఉంచి మీటండి. తరువాత ఒక ముక్కను జరుపుతూ 72, 64, 54, 48 దగ్గర మీటండి. బిగింపు మారనప్పుడు తీగ పొడవు తగ్గేకొద్దీ పౌనఃపున్యం అదే నిష్పత్తిలో పెరుగుతుందని మీరు చదువుకున్నదే. 81ని 54తో భాగిస్తే ఒకటిన్నర. మొదటి స్వరం స అయితే, దానికి ఒకటిన్నర రెట్లు కంపించేది ప. మిగిలినవీ చూడండి: స, రి, గ, ప, ద.

సంగీతం నేర్చుకునే వాళ్ళెవరైనా ఉంటే ఈపాటికి లేచి కూర్చుంటారు. ఇవి మోహన రాగం స్వరాలు! 1957లో వచ్చిన 'మాయాబజార్'లో వెన్నెల పడవ మీద పాడే 'లాహిరి లాహిరి' ఈ రాగంలోదే. మా తరగతిలో ఆ రోజు తీగ మీద అయిదు స్వరాలూ వరుసగా మోగేసరికి నవ్వు ఆగిపోయింది.

అయితే ఒక మాట. స్వరాలు అవే అయినంత మాత్రాన అది మోహన అయిపోదు. మన గమకాలు వేరు, వాళ్ళ జారుడు వేరు. వెనక తంబూరా శ్రుతి వినిపించదు. ఆధారం కోసం వెతికి వెతికి మన చెవి తికమకపడుతుంది.

మరి ఆ పిల్లి గొంతు ఎక్కడిది? అర్‌హుకు తీగలు రెండే. ఒకటి స అయితే రెండోది ప. కమాను వెంట్రుకలు ఆ రెండు తీగల మధ్యలోంచి పోతాయి, కాబట్టి కమానును వాద్యం నుంచి విడదీయలేరు. వేళ్ళ కింద పలక ఉండదు. వేలు గాలిలోనే తీగను నొక్కి జారుతుంది. కింద చిన్న డబ్బాకు ఒకవైపు కొండచిలువ చర్మం బిగిస్తారు. మన వైపు బైండ్లవారు ఎల్లమ్మ కథ చెబుతూ జమిడిక వాయించడం చూసే ఉంటారు. అందులోనూ తంతి అదురు తోలుకు చేరి పెద్దదవుతుంది. కమాను రాపిడికి అసలు స్వరంతోపాటు ఎన్నో అతిస్వరాలు పుడతాయి. వాటి పాళ్ళను బట్టే ఒక్కో వాద్యానికి ఒక్కో నాదగుణం. స్వరం ఎక్కడా తెగకుండా జారడంతో అది ప్రాణి గొంతులా తోస్తుంది.

ఇంకో వాద్యం 'గుచిన్'. దానికి ఏడు తీగలు, మెట్లు లేవు. పలక మీద పదమూడు చుక్కలుంటాయి. తీగలో సగం, మూడో వంతు, నాలుగో వంతు వంటి చోట్లకు అవి గుర్తులు. మీ తీగను మళ్ళీ 81 సెంటీమీటర్లకు తెచ్చి, సరిగ్గా నడుమ, 40.5 దగ్గర, నొక్కకుండా వేలు ఆనించి మీటి, వెంటనే వేలు తీసేయండి. చిన్న గంట కొట్టినట్టు పై స్థాయి స వినిపిస్తుంది. గుచిన్ వాదకులు ఈ గంటలతోనే సగం మాటలు చెబుతారు.

1977లో అంతరిక్షంలోకి పంపిన రెండు వోయేజర్ నౌకల్లోనూ ఒక్కో బంగారు పూత రికార్డు ఉంది. కేసర్‌బాయి కేర్కర్ పాటతోపాటు గ్వాన్ పింగ్‌హు వాయించిన గుచిన్ కూడా అందులో ఉంది. పేరు 'ల్యూ షుయ్', అంటే పారే నీరు. ఏడున్నర నిమిషాల పైమాట. సాగర్ ఎడమ కాలువ తూము దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ సుడులు కొత్త కావు. ఫోను స్పీకరులో మాత్రం వినకండి, మంద్రస్వరాలన్నీ మింగేస్తుంది. చెవిలో పెట్టుకునేవి వాడండి. మొదటిసారి వేళ్ళ రాపిడి తప్ప ఏమీ వినపడకపోతే కంగారుపడకండి, నాకూ అంతే అయింది. రెండోసారి గంటల్ని మాత్రమే లెక్కపెట్టండి.

అన్నట్టు, లెక్క 81తోనే ఎందుకు మొదలుపెట్టారు? 80తో చేసి చూడండి, మొదటి అడుగులోనే భిన్నం వస్తుంది. 243తో మొదలుపెడితే పూర్ణసంఖ్యల్లో ఎన్ని స్వరాలు వస్తాయి? ఒక్కొక్కదాన్నీ మూడుతో భాగించి, సెంటీమీటర్లుగా తీగ మీద కొలిచి మీటండి. చివర వచ్చే స్వరం మోహనలో లేదు. అదేదో కనుక్కోండి.