కడదాక సాగిన పని

పనిని ఆరంభించుట సులభము, ముగించుట కష్టము. సొంత ముచ్చటకై కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు యువకులకు ఈ సంగతి బాగుగా తెలియును. అడుగువారు లేరు, గడువు లేదు. తొలి ఉత్సాహము చల్లారగనే పని మూలబడును.

అట్టివారు వరంగల్లులోని కొత్తవాడలో మగ్గమును చూడవలెను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలకు ఈ పేట పేరుగన్నది. నేతగాడు ఒక పేకను త్రోసి, దగ్గరకు అదిమి, మరియొకటి త్రోయును. నేసిన మేర కన్నులయెదుట నిలిచి, మిగిలినదానికి ధైర్యమిచ్చును. ప్రోగ్రామును కూడ అట్లే చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్కదానిని పనిచేయునట్లు ముగించుచు పోవలెను.

ఇంతకంటె బలమైన ప్రేరణ మరియొకటి కలదు. వరంగల్లు నుండి హైదరాబాదు పోవు త్రోవలోని ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశం నేతకుటుంబములో జన్మించెను. చిన్ననాటనే బడి మానెను. చీరకు రంగులద్దుటకు ముందు దారమును మేకుల చుట్టూ త్రిప్పుటను ఆసు పోయుట యందురు. ఒక్క చీరకే చేతిని వేలమార్లు ఆడింపవలెను. ఆ పనితో తల్లి లక్ష్మికి భుజముల నొప్పి పట్టుకొనెను. అది చూడలేక 1992లో ఆయన యంత్రమును చేయబూనెను. డబ్బు చాలలేదు, చూచినవారు నవ్విరి, పని నడుమ ఆగెను. బ్రతుకుతెరువుకై హైదరాబాదు చేరిన పిమ్మట, ఒక కర్మాగారమున యంత్రపు కదలికను చూడగా, చిక్కుపడిన భాగమునకు ఉపాయము తోచెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

తన పని ఎవరి కష్టమును తీర్చునో మరువనివానికి, ఆగిన పని అంతమైనది కాదు.